కాలవ పెట్టెలకు పంచాంగం తాళం

లక్ష్మీకామేశ్వరికి ఒక దురలవాటు ఉంది. తాళం వేసిన ప్రతిసారీ దాన్ని తీయడానికి చూస్తుంది. తాళంకప్ప పట్టుకుని రెండుసార్లు గుంజి చూడడం కాదు, అది అందరూ చేసేదే. తల్లోంచి పిన్ను తీసి, అచ్చం దొంగలాగే, మెట్ల మీద చతికిలబడి ప్రయత్నిస్తుంది. తెరుచుకుందా, ఆ తాళం పని అయిపోయినట్టే. సాయంత్రానికి కొత్తది కొనుక్కొస్తుంది. రాజాంలో ఆవిడ అద్దెకున్న మేడమీద వాటాకి ఈ లెక్కన ఐదేళ్ళలో నాలుగు తాళాలు మారాయి. ఇంటివాళ్ళు మొదట బెంబేలెత్తిపోయారు. తర్వాత వీధిలో ఎవరు తాళంచెవి పారేసుకున్నా ఆవిడ దగ్గరికే పంపడం మొదలుపెట్టారు.

రాజాం బయట పొలాల మధ్య లేచిన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆవిడ ఎలక్ట్రానిక్స్ చెబుతుంది. పొట్టి మనిషి, నేత చీర, భుజాన బరువైన సంచీ. ఆ సంచీలో లంచ్ బాక్సు ఉన్నా లేకపోయినా స్క్రూడ్రైవర్లు మాత్రం ఉంటాయి. మొదటిరోజు క్లాసులో ప్రతి బ్యాచ్‌కీ ఒకే మాట చెబుతుంది: "నేను చెప్పానని ఏదీ నమ్మకండి. సరిచూసుకోండి." పిల్లలు ఆ మాటని భక్తిగా నోట్సులో రాసుకుంటారు, మేడమ్ చెప్పింది కదా అని నమ్మేస్తారు. అది చూసి ఆవిడకి ఏటేటా ఒళ్ళు మండుతుంది.

ఈ సరిచూసుకునే గుణం తండ్రి దగ్గర్నుంచి వచ్చింది. అనంతపద్మనాభం గారు విజయనగరంలో పేరున్న సిద్ధాంతి. పంచాంగ గణితం ఆ ఇంట్లో నాలుగు తరాల పని. ఏ తిథి ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ఆయన ఒకసారి లెక్క కట్టేవారు. కూతురు పక్కగదిలో కూర్చుని, ఆయన కాగితం చూడకుండా, మళ్ళీ కట్టేది. రెండూ కలిస్తేనే అచ్చుకు వెళ్ళాలి. పన్నెండో ఏట ఆవిడ తండ్రి లెక్కలో ఒక ఏకాదశి దగ్గర తప్పు పట్టుకుంది. ఆయన కోప్పడలేదు సరికదా, ఆ రోజు గుమ్మం తొక్కిన ప్రతివాళ్ళకీ "మా అమ్మాయి నా తప్పు పట్టిందండోయ్" అని చెప్పుకుని మురిసిపోయారు. ఆవిడకి రాజాంలో ఉద్యోగం వచ్చాక ఆయన కూడా పుస్తకాల పెట్టెలతో సహా కూతురి దగ్గరికే వచ్చేశారు. భర్త ప్రద్యుమ్న విజయనగరంలో పిల్లలకి వయొలిన్ నేర్పుతాడు. శనివారం వచ్చి సోమవారం మొదటి బస్సుకి వెళ్ళిపోతాడు. పద్మనాభం గారి పంచాంగాన్ని రాజాంలో ఒక బట్టల కొట్టువాళ్ళు ఏటా అచ్చువేయించి పంచుతారు. చుట్టుపక్కల నలభై ఊళ్ళలో గోడన మేకుకి వేలాడేది అదే.

ఇక కాలవ సంగతి. నాగావళి నీళ్ళు మోసుకొచ్చే కాలవల్లో ఒక పిల్లకాలవ ఉంది. దాని మీద తొమ్మిది తూములు. ఎగువ తూముల కింద చేలు మడమలోతు నీళ్ళలో కులుకుతుంటే, శివారున ఎనిమిదో తూము, తొమ్మిదో తూము రైతులు మబ్బుల వంక చూస్తూ కూర్చుంటారు. ఎవరెంత నీరు వాడుకున్నారంటే ఎవరి నోటికొచ్చింది వాళ్ళు చెబుతారు. పదిమంది చేరితే తగువు, తగువు ముదిరితే కర్రలు. 2014లో కామేశ్వరి ఈ తగువు తీర్చే పని నెత్తికెత్తుకుంది. ఎవరూ అడగలేదు. బస్సు కిటికీలోంచి ఒకసారి ఆ కర్రలు చూసింది, అంతే.

ఒక్కో తూము దగ్గర టిఫిన్ డబ్బా అంత పెట్టె. షట్టరు ఎత్తి ఉందా దించి ఉందా, నీళ్ళు ఎన్ని అంగుళాలున్నాయి, ఈ రెండూ కనిపెట్టి పావుగంటకోసారి చెబుతుంది. తీగలు లేవు. తొమ్మిదో పెట్టె ఎనిమిదో దానికి చెబితే అది ఏడో దానికి చెబుతుంది. అలా చేతులు మారుతూ మాట నీటిపారుదల సెక్షన్ ఆఫీసు మేడమీది పెట్టెకి చేరుతుంది. అక్కడ కంప్యూటర్ తెరమీద తొమ్మిది గళ్ళు. మూసిన తూము ఎర్రగా, తెరిచినది పచ్చగా కనిపిస్తుంది. ఆ అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి ఆరు పెట్టెల్ని ఎత్తుకుపోయింది. ఆవిడ మోకాలిలోతు బురదలో కాలవగట్టంట తిరిగి నాలుగింటిని వెతికి తెచ్చి ఆరబెట్టింది, రెండు కొత్తవి చేసింది. ఆ వారం కాలేజీకి సెలవు పెట్టిన కారణం "పెట్టెలు వెతకడం" అని రాసింది. ప్రిన్సిపాల్ ఆ కాగితాన్ని చాలాకాలం అందరికీ చూపించి నవ్వాడు.

గాలిలో పోయే మాటకి ఒక చిక్కుంది: ఎవరైనా వినొచ్చు, ఎవరైనా మాట్లాడొచ్చు. ఆరో పెట్టె పేరు పెట్టుకుని బయటివాడు అబద్ధం చెప్పొచ్చు. నిన్నటి నిజాన్ని దాచుకుని ఇవాళ మళ్ళీ వినిపించొచ్చు. అందుకని ప్రతి మాటకీ చివర ఒక ముద్ర ఉండాలి. ఆ ముద్ర వేయడానికి ఒక రహస్యపు అంకె ఉండాలి, ఆ అంకె రోజూ మారితే మరీ మంచిది. మారిన అంకెని గాలిలోనే పంపితే దాన్నీ దొంగ వింటాడు. పంపకుండా తొమ్మిది పెట్టెలకీ తెలిసేదెలా? ఈ ముడి దగ్గర ఆవిడ ఆరు నెలలు కొట్టుకుంది. ఒక ఉదయం తండ్రి రాబోయే మన్మథ నామ సంవత్సరం పంచాంగం ప్రూఫులు దిద్దుతూ తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం పైకి చదువుతున్నారు. ఆవిడ చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఆగిపోయింది. ఐదు అంగాలు, రోజూ మారేవి. ఏడాది పొడుగునా ముందే లెక్కకట్టి పెట్టెల్లో దాచేయొచ్చు. సూర్యోదయానికి ఐదూ కలిపితే ఆ రోజుకి అంకె తయారు!

ఇంటి గణితం తన యంత్రంలో కూర్చుంటోందన్న సంతోషానికి ఆవిడ కళ్ళు చెమర్చాయి. "నాన్నా, నీ పంచాంగాన్ని కాలవ పెట్టెల్లో పెడుతున్నాను" అంటే, ఎందుకో ఏమిటో అడక్కుండానే ఆయన పొంగిపోయారు. జన్మలో మొదటిసారి ఆవిడ తాను వేసిన తాళాన్ని పిన్నుతో పొడిచి చూడలేదు. నాన్న పంచాంగాన్ని ఎవరు పొడిచి చూస్తారు?

పైగా నోరు కట్టుకుని కూర్చోలేదు. జిల్లా పేజీ విలేకరి వస్తే మజ్జిగ ఇచ్చి మరీ పూసగుచ్చినట్టు చెప్పింది. "కాలవ పెట్టెల్లో మన పంచాంగం" అని ఫొటోతో వచ్చింది. తండ్రి దాన్ని కత్తిరించి ఫ్రేము కట్టించారు. ఆవిడ పీహెచ్‌డీ కోసం రాస్తున్న వ్యాసంలో నాలుగో అధ్యాయమంతా ఈ తాళమే. పెట్టెలు ప్రారంభించిన రోజు నీటి సంఘం రైతుల ముందు మైకు పట్టుకుని, "మనుషులు అబద్ధం చెప్పొచ్చు, ఈ పెట్టె చెప్పదు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళలో దాలయ్య కూడా ఉన్నాడు.

దాలయ్య ఆరో తూము లస్కరు. లస్కరంటే కాలవ కాపలా మనిషి. షట్టర్లు ఎత్తడం, దించడం, గట్లు చూసుకోవడం అతని పని. ఇరవై రెండేళ్ళుగా అదే చేస్తున్నాడు. అతని ఇల్లు మాత్రం శివారున, తొమ్మిదో తూము ఊళ్ళో ఉంది.

2015 అక్టోబరులో వాన ముఖం చాటేసింది. వరి పొట్టమీదుంది. ఈ పదిరోజుల్లో తడి తగలకపోతే వెన్ను తీసినా తాలే. అందుకని ఆరో తూము దాకా అన్నీ మూసి, ఉన్న నీళ్ళు శివారుకి వదలాలని నిర్ణయించారు. నీళ్ళు మాత్రం శివారుకి రాలేదు. సెక్షన్ ఆఫీసు తెరమీద ఆరో గడి పచ్చబడింది. ఒకసారి కాదు, మూడు రోజుల్లో పద్దెనిమిదిసార్లు, అదీ పట్టపగలు. కాలవ చూసే ఏఈ గోవిందరావు దాలయ్యని పిలిచి, కాగితం చూపించి, రేపటినుంచి రావద్దన్నాడు. అతను చెడ్డవాడేం కాదు, మేడమ్ పెట్టెని నమ్మినవాడు. ఊళ్ళో సొంత మనుషులే దాలయ్యని ముఖం మీద నీళ్ళ దొంగ అన్నారు. బోరింగు దగ్గర అతని భార్య తవిటమ్మకి బిందె పెట్టడానికి చోటివ్వలేదు.

మూడో రోజు దాలయ్య కాలేజీకి వచ్చాడు. ల్యాబు గుమ్మం దాటలేదు. తువ్వాలు చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"అమ్మగోరూ, ఆ పెట్టి తప్పు సెప్తాదేటి?"

"చెప్పదు దాలయ్యా," అంది కామేశ్వరి. ఆ జవాబు గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడ తర్వాత తనని తాను తిట్టుకునేది.

"మరైతే నానెత్తినట్టేనా?"

ఆవిడ చేతిలోని స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టింది.

"నాను ఎత్తనేదమ్మా. ఒట్టేసి సెప్పమంటే సెప్తాను. నా మాట ఆరికి సాలడం నేదు. మీరొక్కపాలి ఒచ్చి సూడండి. సూసినాక మీకూ దొంగలాగే అగుపిస్తే మరింక నానేటీ అడగను."

పిల్లలకి రోజూ చెప్పే మాటే ఇతను తనకి చెబుతున్నాడని కామేశ్వరికి తట్టింది. సిగ్గేసింది. సంచీ తగిలించుకుని లేచింది. అతని సైకిలు ముందు, ఆవిడ స్కూటీ వెనక, నాలుగు కిలోమీటర్లు అలాగే వెళ్ళారు.

ఆరో తూము దగ్గర దాలయ్య షట్టరుని ఎత్తి దించే మరకడ్డీ చూపించాడు. దించిన ప్రతిసారీ అతను గట్టుమీది పచ్చగడ్డి నాలుగు పోచలు పేని, ఆ కడ్డీ మరల్లోకి చుట్టి ముడి వేస్తాడు. షట్టరు రవ్వంత ఎత్తినా ముడి తెగిపోతుంది. చిన్నప్పుడెప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న చిటికెన వేలితో వేసే ముడి అది. ఆ మడత ఇంకొకళ్ళ చేతికి రాదు. తను లేనప్పుడు ఎవరైనా చెయ్యి పెట్టారేమో తెలుసుకోడానికి ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నాడు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగలేదు. ఇప్పుడా గడ్డి ఎండి తుప్పురంగుకి తిరిగి మరలకి అతుక్కుపోయి ఉంది. ముడి ముడిలాగే ఉంది. కామేశ్వరి వంగి, వేలితో తాకి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. వారం కిందట కట్టిన గడ్డి, సందేహం లేదు.

"ఇది ఏఈ గారికి చూపించలేదా?"

"గడ్డమ్మా అది," అన్నాడు దాలయ్య. "పెట్టి మాటకి గడ్డి మాట ఎదురు నిలబడతాదేటి?"

ఆవిడ సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసింది. పెట్టె విప్పింది. సెప్టెంబరు మొదటి రోజు నుంచి ఎన్ని మాటలు పంపిందో పెట్టె లోపల లెక్క ఉంటుంది: నాలుగు వేల నూట పన్నెండు. సెక్షన్ ఆఫీసుకి ఫోన్ చేసి, ఆరో పెట్టె నుంచి ఎన్ని అందాయో చూడమంది. నాలుగు వేల నూట ముప్పై అన్నారు. పంపినవాటికన్నా అందినవే ఎక్కువ! తేడా సరిగ్గా పద్దెనిమిది. ఆరో పెట్టె పేరు పెట్టుకుని ఇంకెవరో మాట్లాడారు.

అప్పుడు ఇద్దరూ గట్టంట ఎగువకి నడిచారు. మూడో తూము షట్టరు రెండు జానలు ఎత్తి ఉంది, నీళ్ళు భళ్ళున పోతున్నాయి. పెట్టె మాత్రం మూసే ఉందని చెబుతోంది. షట్టరు దిగినప్పుడు దానికున్న అయస్కాంతం పెట్టె దగ్గరికొస్తే "మూసి ఉంది" అని పెట్టెకి తెలియాలి. ఎవరో పాత స్పీకరులోంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతాన్ని పెట్టె వెనక అంటించారు. ఇక షట్టరు ఎక్కడుంటేనేం, పెట్టె పాట ఒకటే. కానీ శివారు పెట్టెల దగ్గర నీళ్ళు తగ్గడం ఆఫీసు తెరమీద కనిపిస్తుంది కదా, ఆ నీళ్ళు ఎటో పోయినట్టు చూపించాలి. అందుకు ఆరో తూముని ఎంచుకున్నారు. పాపం, దాలయ్య తరఫున మాట్లాడే నాథుడు ఎలాగూ లేడు.

ఆ అయస్కాంతం చూడగానే ఆవిడకి ఒక ముఖం గుర్తొచ్చింది. మూడో తూము ఊళ్ళో టీవీలు, సెల్‌ఫోన్లు బాగుచేసే విజయ్‌కుమార్. నాలుగేళ్ళ కిందట ఆవిడ క్లాసులోనే మొదటివాడు. సరే, వాడికి రేడియో తెలుసు, అయస్కాంతం తెలుసు. ఏ రోజు అంకె ఆ రోజు ఎలా తెలిసింది? అది తెలియకుండా దొంగ మాటకి ముద్ర పడదు.

సాయంత్రం తండ్రి సంధ్య వార్చుకుని వచ్చి కూర్చున్నాక ఆవిడ అదే అడిగింది. అంకె అంటే ఏమిటో, పంచాంగం అందులో ఎలా కలిసిందో మొదటిసారి ఆయనకి వివరంగా చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"అయ్యో పిచ్చితల్లీ. ఏ రోజు ఏదో చూసుకోడానికి పెట్టావనుకున్నాను. పంచాంగం దాచుకునేది కాదు కదమ్మా. ఊరందరికీ తెలియాలనే కదా మా తాతల నాటినుంచీ పదిమందినీ కూర్చోబెట్టి చదివి వినిపిస్తున్నాం. అందరికీ తెలిసినదాన్ని నువ్వు తాళంగా ఎలా వేశావు?"

ఎదురుగా గోడమీద ఫ్రేములో కామేశ్వరి ఫొటో నవ్వుతోంది. పక్కనే, తాళం ఎలా వేసిందో అచ్చక్షరాల్లో ఉంది. ఆవిడ లేచి, తన పుస్తకాలేవీ ముట్టుకోకుండా, కింద కిరాణా కొట్టు గోడకున్న పంచాంగం అడిగి తెచ్చుకుంది. ఒక చిన్న రేడియో ముక్క, ఆ పంచాంగం, ఆ పేపరు కత్తిరింపు, అంతే. తన తాళాన్ని తను విరగ్గొట్టడానికి నలభై నిమిషాలు పట్టింది. అందులో పది నిమిషాలు కళ్ళద్దాలు వెతుక్కోడానికి. అవి తలమీదే ఉన్నాయి.

మర్నాడు డిపార్ట్‌మెంట్ హెడ్ అంతా విని, తలుపు దగ్గరగా వేసి, నెమ్మదిగా చెప్పాడు. "బ్యాటరీ లోపం అని ఒక ఉత్తరం రాసి పడేద్దాం మేడమ్. దాలయ్య పని దాలయ్యకి వస్తుంది, మీ థీసిస్ మీకుంటుంది. గుట్టుచప్పుడు కాకుండా తాళం మార్చేయండి. ఎవరికీ నష్టం లేదు." ఆయన మంచికే చెప్పాడు. పీహెచ్‌డీ మీద నాలుగేళ్ళ పని ఆవిడది. కామేశ్వరి ఆ ఉత్తరం రాసింది కూడా. సంతకం దగ్గర ఆగింది. బ్యాటరీ లోపమంటే దాలయ్య దొంగ కాదని కాదు, దొంగో కాదో తెలియదని అర్థం. రేపు బోరింగు దగ్గర తవిటమ్మ బిందె పక్కన ఎవరో ఒకరు "ఏదోలే" అంటారు. ఆ "ఏదోలే" వాళ్ళ గుమ్మంలో చచ్చేదాకా ఉంటుంది. ఆవిడ ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. ఇలాంటి మనిషికి చదువు చెప్పే ఉద్యోగం దొరకడం పిల్లల అదృష్టం.

నీటి సంఘం సమావేశం గురువారం. పట్టుబట్టి దాన్ని ఆరో తూము గట్టుమీద పెట్టించింది. తొమ్మిది తూముల రైతులూ వచ్చారు. గోవిందరావు లాప్‌టాప్ తెచ్చి కల్వర్టు గోడమీద పెట్టాడు. ఆరో గడి ఎర్రగా ఉంది. కామేశ్వరి దాలయ్యని పిలిచి షట్టరు పైన, దాంతోపాటే లేచే దూలం మీద కూర్చోమంది. అతను బిత్తరపోతూ ఎక్కి కూర్చున్నాడు.

ఆవిడ సంచీలోంచి బట్టల కొట్టు బొమ్మ ఉన్న పంచాంగం తీసింది. "ఇది ఎవరింట్లో లేదు?" అని అడిగింది. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. ఆనాటి తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం పైకి చదివి, చేతిలోని రేడియో ముక్కలో ఒక్కొక్కటీ నొక్కింది. లాప్‌టాప్ మీద ఆరో గడి పచ్చబడింది. గోవిందరావు తెరవంకా షట్టరు వంకా మార్చి మార్చి చూశాడు.

"దాలయ్యా, షట్టరు ఎత్తావా?"

"ఎత్తితే ఈపాటికి కాలవలో ఉందును గదమ్మా."

జనం నవ్వారు. తర్వాత ఒక్కొక్కరికే అర్థమై నవ్వు ఆగిపోయింది.

"దాలయ్య మీద వచ్చిన కాగితం తప్పు," అంది కామేశ్వరి. మైకు లేదు, గొంతు పెంచింది. "ఆ తప్పు పెట్టెది కాదు. దాలయ్యది అసలే కాదు. నాది. తాళం నేను వేశాను, తాళంచెవి మీ అందరి ఇళ్ళలో మేకుకి తగిలించి ఉంది. మా నాన్నగారి పంచాంగమని మురిసిపోయి సరిచూసుకోలేదు. ఇరవై రెండేళ్ళు కాలవ కాసిన మనిషిని నా మాట మీద దొంగన్నారు. దాలయ్యా, నన్ను క్షమించు." అందరి ముందూ చేతులు జోడించింది.

దాలయ్య కంగారుగా దూలం దిగిపోబోయాడు. శివారు రైతు గున్నమ్మ, నాలుగు రోజుల కిందట అతన్ని అందరికన్నా గట్టిగా తిట్టిన మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మ, ఎంత మాటనీసినాను. మరి మన నీల్లేటైపోనాయి?" అంది.

కామేశ్వరి స్పీకరు అయస్కాంతాన్ని గోడమీద పెట్టింది. "ఇది మూడో తూము పెట్టెకి అంటించి ఉంది. ఎవరిదో వాళ్ళు తీసుకుపోవచ్చు." ఎవరూ కదల్లేదు, తలలు మాత్రం మూడో తూము రైతుల వైపు తిరిగాయి. గోవిందరావు అప్పటికప్పుడు వెళ్ళి మూడో తూము తన చేత్తోనే దించాడు. మర్నాటికి శివారు చేలల్లో తడి కనిపించింది. చేను పూర్తిగా దక్కలేదు, ముప్పాతిక వంతు దక్కింది.

థీసిస్ వెనకపడింది. నాలుగో అధ్యాయం ఆవిడే తీసేసి, ఆ తాళం ఎందుకు పనికిరాదో కొత్తగా రాసింది. డాక్టరేటు రావడానికి మరో రెండేళ్ళు పట్టింది. విజయ్‌కుమార్ సమావేశమైన మర్నాడే తలొంచుకుని వచ్చాడు. "మేడమ్, మీరే కదా సరిచూసుకోమన్నారు" అని నసిగాడు. "సరిచూశావు, భేష్. నాకు చెప్పకుండా ఒక పేదవాడి నెత్తిన రుద్దావు, అందుకు చెంప పగలగొట్టాలి. ముందు దాలయ్య ఇంటికి వెళ్ళి ఒప్పుకుని రా. తర్వాత కొత్త తాళం ఇస్తాను, నెలరోజులు కూర్చుని విరగ్గొట్టు" అంది. వాడు వెళ్ళి ఒప్పుకున్నాడు. కొత్త తాళం చేతికొచ్చాక నెల కాదు, రెండు నెలలు కూర్చున్నాడు. అది విరగలేదు.

ఆ కొత్త తాళం వేసిన రోజు చెప్పుకోదగ్గది. దాలయ్యని మళ్ళీ పనిలోకి రమ్మని గోవిందరావు కబురుపెట్టాడు. దాలయ్య రానన్నాడు. ఆ పెట్టె ఉన్నచోటికి రానని తెగేసి చెప్పాడు. పెట్టెలన్నీ పీకేద్దామా అని గోవిందరావు అడిగితే, కామేశ్వరి ఒక రోజు ఆగమంది. ఆదివారం పొద్దున్న ఆరో పెట్టెనీ, ఆఫీసు మేడమీది పెట్టెనీ సంచీలో వేసుకుని శివారు ఊరు వెళ్ళింది.

అరుగు మీద తవిటమ్మ బియ్యం చెరుగుతోంది, దాలయ్య పక్కనే కూర్చుని ఉన్నాడు. పెట్టె చూడగానే చేట పక్కన పడేసింది. "మళ్ళీ ఏటి తెచ్చినావమ్మా? మా ఆయన్ని దొంగని సేసిన డబ్బానే?"

"అదే," అంది కామేశ్వరి. "ఈసారి దీనికి తాళం మీరు వేయాలి. ఏ పుస్తకంలోనూ లేని అంకె కావాలి. నా బుర్రలోంచి వస్తే నేను మళ్ళీ ఎవరికో గొప్ప చెప్పుకుంటాను. ఇంట్లో గవ్వలున్నాయా?"

తవిటమ్మ మొగుడి ముఖం చూసింది. అతను కాదనలేదు. లోపలినుంచి గుడ్డసంచీలో పదహారు గవ్వలు తెచ్చింది. కామేశ్వరి రెండు పెట్టెలనీ జానెడు తీగతో కలిపి దాలయ్య ముందు పెట్టింది. ఆరో పెట్టెకి రెండు మీటలున్నాయి. వెల్లకిలా పడిన గవ్వకి ఒకటి, బోర్లా పడిన దానికి రెండోది. పదహారు గవ్వలు ఎనిమిదిసార్లు. నొక్కింది నొక్కినట్టు రెండు పెట్టెలూ గుర్తుపెట్టుకుంటాయి. కాగితం మీద రాయకూడదు, పైకి చదవకూడదు. ఇది చెప్పి ఆవిడ గోడవైపు తిరిగి కూర్చుంది.

"అటు తిరిగిపోనారేటమ్మా?" అన్నాడు దాలయ్య.

"నేను చూడకూడదు."

వెనక గవ్వలు గలగలమన్నాయి. మీట టిక్కుమంది. మళ్ళీ గలగల. "అది బోర్లా పడ్డాది, సరిగ్గా సూడు." "సూత్తన్నాను గదే, మద్దిన నీదొకటి." అలా చాలాసేపు సాగింది. కామేశ్వరి సున్నం పెచ్చులూడిన గోడని చూస్తూ, ఒక్కసారి కూడా తల తిప్పకుండా కూర్చుంది.

"అయిపోనాదమ్మా," అన్నాడు చివరికి. ఆవిడ ఇటు తిరిగింది. అతను పెట్టెని ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. "మరీ అంకి ఏఈ బాబుకి తెల్దా?"

"తెలీదు."

"మీకో?"

"నాకూ తెలీదు."

"మరి మీకేనా సెప్పొద్దా?"

"అందరికన్నా ముందు నాకే చెప్పకూడదు."

దాలయ్య పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు. పెట్టెమీద అంటిన బియ్యప్పొట్టు తువ్వాలుతో తుడిచాడు. తర్వాత లేచి లోపలికెళ్ళి, వారం రోజులుగా ముట్టుకోని ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"పదండమ్మా," అన్నాడు. "నా పెట్టి నానే తగిలిస్తాను."